అనుకుందాం, అన్నారావిడ

మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మొన్నొక ప్రకటన పడింది. దసరాకి ‘ఊహాశక్తి పోటీ’ పెడుతున్నారట. ఐదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి మాత్రమేనట. పెద్దవాళ్ళు కుర్చీలు వెయ్యడానికి ఓ గంట ముందుగా రావాలట.

చదవగానే ఒళ్ళు మండింది. కుర్చీలు వెయ్యడం నాకు చేతకాని పనేమీ కాదు. ఇన్నేళ్ళ జర్మనీ కాపురంలో నేను చేసిన సాంస్కృతిక సేవ అంతా మడత కుర్చీల్లోనే ఉంది. నా మంటల్లా ఆ పన్నెండు మీద. పన్నెండు దాటగానే ఊహ ఏమవుతుందని వీళ్ళ ఉద్దేశం? పాలపళ్ళలాగా ఊడిపోతుందా?

నా సంగతి అడిగితే, నిజంగానే ఊడిపోయింది. ఎష్‌బోర్న్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎవరూ ఊహించని తప్పుల్ని ఊహించడం నా ప్రత్యేకత అని బయోడేటాలో రాసుకున్నాను గానీ, ఎవరో ఊహించి పెట్టిన తప్పుల పక్కన టిక్కులు పెట్టడమే అసలు పని. ఊహ కావాలంటే నా బుర్ర ఊహూ అంటుంది. నాబోటి వాళ్ళని చూసి ఆ పన్నెండు గీత గీశారంటే సరిపెట్టుకునేదాన్నే. కానీ మా పై అంతస్తులో ఉండి, పోయిన చలికాలంలో వెళ్ళిపోయిన ఆవిణ్ని నేను ఎరుగుదును. ఎరిగుండి ఆ ప్రకటన కింద చప్పట్ల బొమ్మ పెట్టడం నా వల్ల కాలేదు.

నేను ఆవిణ్ని పిన్నిగారూ అనేదాన్ని. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాక, అల్లుడు కాగితాలతో కుస్తీలు పట్టి ఇక్కడికి తీసుకొచ్చాడు. మూడో అంతస్తులో ఆవిడా, కూతురూ, అల్లుడూ, అప్పటికి మూడేళ్ళ మనవరాలూ. రెండో అంతస్తులో నేనూ, నా టిక్కులూ.

అందరూ చూడటానికి కళ్ళజోడు పెట్టుకుంటారు. ఆవిడ చూడటానికి తీసేసేవారు. తీసి, మడిచి, కొప్పులో గుచ్చేవారు. జోడు కొప్పులోకి వెళ్ళిందంటే ఇక ‘అనుకుందాం’ అనే మాట వస్తుందని నాకు తెలిసిపోయేది. అది లెక్కల టీచరు మాట. బోర్డు మీద ‘ఎక్స్ అనుకుందాం’ అని ఉద్యోగం పొడుగునా అన్న నోరు కదా, రిటైరయ్యాక కూడా ఆ మాట పోలేదు, ఎక్స్ మాత్రం పోయింది. ఆ ఖాళీలోకి వచ్చి ఎవరు పడితే వాళ్ళు కూర్చునేవారు.

సూపర్‌మార్కెట్లో ఖాళీ సీసాలు మింగి డబ్బుల చీటీ ఇచ్చే యంత్రం ఉంటుంది. మనమంతా దాని నోట్లో సీసాలు కుక్కి, చీటీ లాక్కుని వెళ్ళిపోతాం. ఆవిడ ఒక సీసా పెట్టి ఆగేవారు. వెనక జనం గొణిగేవారు. ‘‘నమలనియ్ అమ్మాయ్’’ అనేవారు నాతో. ఒకరోజు ఆ యంత్రం ఏ సీసా పెట్టినా బయటికి నెట్టేస్తోంది. నేను సీసా తిప్పి, బార్‌కోడు తుడిచి, మళ్ళీ పెట్టి, చెమటలు కక్కుతున్నాను. జోడు కొప్పులోకి వెళ్ళింది. ‘‘ఇయ్యాళ దీనికి ఏకాదశి అనుకుందాం’’ అన్నారావిడ. సీసాలు సంచీలో వేసుకుని ఇద్దరం ఇంటికొచ్చాం. మర్నాడు వెళ్తే గటగటా తాగింది.

ఆదివారం ఈ దేశంలో చప్పుడు చెయ్యకూడదు. గోడకు మేకు కొట్టకూడదు, గాజు సీసాలు తొట్టిలో వెయ్యకూడదు. ఈ సంగతి నేను కొత్తగా వచ్చిన ఎంతోమందికి చెప్పాను, అందరూ తిట్టుకున్నారు. ఆవిడ ఒక్కరే, ‘‘అయితే ఆదివారం చప్పుళ్ళన్నీ యాడికి పోతయ్యి?’’ అని అడిగారు. ఆవిడే కనుక్కుని చెప్పారు. చప్పుళ్ళన్నీ కలిసి ఏటి ఒడ్డుకి వనభోజనాలకి వెళ్తాయట. వంట మాత్రం నిశ్శబ్దం చేస్తుందట, మిగతావాటిని నమ్మితే గిన్నెలు పడేస్తాయని. నేను నవ్వితే, ‘‘ఏందమ్మాయ్ నవ్వుతావు? అనుకుంటే పోయేదేముంది?’’ అన్నారు.

పోయేది చాలానే ఉందని తర్వాత తెలిసింది.

మా అందరివీ బ్లూకార్డు వీసా కొలువులు. ఆవిడది బొమ్మల కొలువు. వచ్చిన ఏడాది దసరాకి పద్ధతిగా మెట్లు కట్టి, తెల్ల దుప్పటి పరిచి, సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న బొమ్మల్ని పద్ధతిగానే నిలబెట్టారు. అంతా మెచ్చుకున్నారు. రెండో దసరాకి పేరంటానికి వెళ్ళేసరికి, మెట్ల మీద దేవుళ్ళు నిలబడి లేరు. క్యూలో ఉన్నారు. ప్రతి ఒక్కరి మెళ్ళోనూ నంబరు చీటీ. పై మెట్టు మీద చెప్పుల పెట్టెతో కట్టిన ఆఫీసు. అందులో పెరుగు డబ్బా బల్ల వెనకాల దూది జుట్టు ఆఫీసరమ్మ. వినాయకుడి ఫోటో చెల్లలేదు, తొండం అడ్డొచ్చి ముఖం సరిగ్గా కనపడటం లేదన్నారు. రావణాసురుడు తలకొకటి చొప్పున ఫోటోలు దిగడానికి పక్క గదిలో ఉన్నాడు. విష్ణుమూర్తికి అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, కాలేదు, పాలసముద్రానికి ఇంటి నంబరు లేదట. లక్ష్మీదేవి మాత్రం ఓపిగ్గా కాళ్ళు నొక్కుతూనే ఉంది, ఈసారి తన కాళ్ళు. ఇక్కడ ఏదో ఒక ఆఫీసు ముందు టెర్మిన్ అనే అపాయింట్‌మెంట్ కోసం పడిగాపులు పడని తెలుగువాళ్ళు ఎవరున్నారు? నేను నవ్వి నవ్వి శనగలు పొలమారించుకున్నాను.

నవ్వింది నేనూ, పిల్లలూ. మిగతా పట్టుచీరలన్నీ కొంచెంసేపు గట్టిగా నిలబడిపోయాయి. అపచారం కదా అన్నారొకరు. ఇంకొకామె, వయసులో నాకంటే చిన్నదే, పిన్నిగారి కూతుర్ని వంటగది గుమ్మం దగ్గరికి పిలిచి, ఆంటీని ఒకసారి ఎవరికైనా చూపించండి, మొదట్లో ఇలాగే ఉంటుందట, అని గొంతు తగ్గించి చెప్పింది. అదే సమయానికి ఆమెగారి ఆరేళ్ళ కొడుకు సోఫా ఎక్కి ఇది రాకెట్ అంటే, గొంతు పెంచి వాడి ఫోటోలు తీసుకుంది. సోఫా రాకెట్ అయితే తెలివి. పెరుగు డబ్బా ఆఫీసు అయితే తెగులు. ఈ తీర్పు రాసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే వాళ్ళింటికి వెళ్ళి కుర్చీలు మడతపెట్టి వస్తాను.

ఆ మాట కూతురి చెవిలో పడి ఊరుకోలేదు. అప్పుడే మొసలి కూడా వచ్చిపడింది.

ఆవిడ మనవరాలికి ఒక మొసలి కథ చెప్తుండేవారు. అది రోజూ ఎస్-బాన్ లోకల్ రైల్లో సీటు కింద పడుకుని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి వస్తుంటుంది. పాపం, దానికి ఎప్పుడూ వచ్చే నెలకే టెర్మిన్ ఇస్తారు. రాత్రిళ్ళు నిద్ర చాలదు కాబట్టి రైల్లోనే పడుకుంటుంది. పాప ఈ సంగతి కీటాలో, అంటే ఇక్కడి శిశువిహారంలో, తోటి పిల్లలకి చెప్పింది. ఓ రోజు టీచర్లు పిల్లల్ని రైల్లో షికారు తీసుకెళ్తుంటే, అందరూ ఒక్కసారిగా బూట్లతో సహా కాళ్ళు సీటు మీదికి ముడుచుకున్నారట. మొసలి తోకకి తగిలి మెలకువ వస్తుందని. జర్మన్ రైల్లో సీటు మీద బూట్లు! ఎదుటి సీటు పెద్దమనిషి టీచర్లకి ఎస్-బాన్ దిగేదాకా మర్యాద నేర్పాడట. తల్లిదండ్రుల్ని కీటాకి పిలిచారు. మాటలు మెత్తగానే ఉన్నా, ఇంట్లో పాపని చూసుకునేది ఎవరు అని మాత్రం మళ్ళీ మళ్ళీ అడిగారట.

అప్పటిదాకా మధ్యాహ్నం పాపని కీటా నుంచి తెచ్చి, సాయంత్రం దాకా దగ్గరుంచుకునేది ఆవిడే. ఆ రోజుతో అది ఆగిపోయింది. ఇకమీద అమ్మమ్మతో పంపవద్దని కీటాలో చెప్పేసి, పాపని ఆఖరిదాకా అక్కడే ఉంచడం మొదలుపెట్టారు. పాప వచ్చే వేళకి ఆవిడ బాల్కనీలో నిలబడేవారు, పాప ఇప్పుడా వేళకి రాదని తెలిసి కూడా.

నేను ఊరుకోలేక మెట్ల మీద కూతుర్ని పట్టుకుని అడిగాను. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

‘‘మా అమ్మ ఇలా ఉండేది కాదక్కా. చిన్నప్పుడు నేను చందమామ మనతోనే వస్తున్నాడంటే, రాడు, దూరం ఎక్కువ గనక అట్లా కనిపిస్తాడు అని బొమ్మ గీసి ప్రూవ్ చేసిన మనిషి. ఇప్పుడు మొసలి ట్రెయిన్ ఎక్కిందంటోంది. నాకు భయంగా ఉంది.’’

డాక్టరు దగ్గర టెర్మిన్ తీసుకున్నారు. ఇంట్లోవాళ్ళు దుబాసీగా పనికిరారని అక్కడివాళ్ళు అన్నందున ఆ పదవి నాకు దక్కింది. నా జర్మన్‌తో రోగం ఉందని చెప్పగలను, లేదని వాదించలేను. అయినా వెళ్ళాను.

డాక్టరు కుర్రవాడు, మంచివాడే. మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకుని కాసేపాగి చెప్పమన్నాడు. నిమ్మకాయ, తాళంచెవి, బంతి. తర్వాత గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమన్నాడు. ‘‘పగలా, రాత్రా?’’ అని అడిగారు పిన్నిగారు. అనువదించాను. ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదన్నాడాయన. అది పొగడ్తో, రోగ లక్షణమో ఆ ముఖంలో నాకు దొరకలేదు. తర్వాత ఆ మూడు మాటలు అడిగాడు. ఆవిడ జోడు కొప్పులో గుచ్చారు. బంతి నిమ్మకాయని పెళ్ళాడాలనుకుంది అనుకుందాం అన్నారు. నిమ్మకాయ ఇంట్లో ఒప్పుకోవడం లేదు, ఇంటికి తాళం వేశారు, తాళంచెవి బంతి పొట్టలో ఉంది, బంతి ఎగిరినప్పుడల్లా గలగలమంటుంది. నేను చెమటలు కక్కుతూ అనువదించాను. మాటలు చెబితే చాలు అన్నాడు డాక్టరు. ‘‘వట్టి మాటలు ఎట్టా గుర్తుంటయి నాయనా? వాటికేదైనా పని ఇయ్యాల గదా’’ అన్నారావిడ.

ఆఖరున డాక్టరు కూతురి వైపు తిరిగి, మీ అమ్మగారిలో మార్పు కనిపిస్తోందా అని అడిగాడు. చాలా, అందా అమ్మాయి. అంతకు ముందు ఇలా ఉండేది కాదంది.

జ్ఞాపకశక్తికి ఏ లోపమూ లేదు, ఊహ మాత్రం బాగా చురుగ్గా ఉంది అన్నాడు డాక్టరు. మార్పు ఉందంటున్నారు కాబట్టి ఆరునెలల తర్వాత మళ్ళీ చూద్దాం అని కూడా అన్నాడు. నేను మొదటి వాక్యాన్ని వీలైనంత గట్టిగా అనువదించాను. కూతురికి రెండోదే వినిపించింది.

మార్పంటే దిగడమేనా? నలభై ఏళ్ళ మొగుడు హఠాత్తుగా మారథాన్ పరుగెత్తడం మొదలుపెడితే పూలగుత్తి ఇచ్చి ఫోటో దిగుతాం. అరవై దాటిన మనసు పరుగెత్తితే దాని ఎముకలు చూడాలంటాం. ఎన్ని దశాబ్దాలు ఆవిడ బడి పిల్లల హోంవర్కులూ, ఇంటి పప్పుచారూ, మొగుడి బీపీ మాత్రలూ తప్పులేకుండా సరిచూశారు! అన్నీ దించుకున్నాక, జీవితంలో మొదటిసారి చేతులు ఖాళీ అయితే, ఆ చేతుల్లోకి ఒక మొసలి వచ్చింది. ఎంత తీరిక చిక్కితే వస్తుంది మొసలి! అందరూ మతిమరుపు కోసం వెతికారు. నేను చూసింది మతిమెరుపు. దాని పేరు చెప్పడానికి డాక్టరుకి నా జర్మన్ చాల్లేదు.

తిరిగి వచ్చేప్పుడు కూతురు అటునుంచటే ఆఫీసుకి వెళ్ళింది. ఎస్-బాన్‌లో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ జోడు పెట్టుకునే ఉన్నారు. చాలాసేపు కిటికీలోంచి చూసి, నా చెయ్యి పట్టుకున్నారు.

‘‘ఇక ఏమీ అనుకోకుండా ఉంటే, పిల్లని నాకు ఒదుల్తారంటావా అమ్మాయ్?’’

ఒదులుతారు అన్నాను. అదే నిజం కాబట్టి.

ఆవిడ మాట నిలబెట్టుకున్నారు. ఉప్పు తక్కువైందనీ, చలి ఎక్కువైందనీ తప్ప మాట్లాడటం మానేశారు. సీసాల యంత్రం నోట్లో నాకంటే వేగంగా సీసాలు కుక్కేవారు. దసరాకి కూతురు ఇంటర్నెట్‌లో తెప్పించిన దశావతారాల సెట్టు వరసలో పెట్టి, మొదటిది మత్స్యం, రెండోది కూర్మం అని పేరంటాళ్ళకి వేలు పెట్టి చూపించారు. అందరూ ఎంతో ఆనందించారు. ఇప్పుడు అమ్మ బాగుందక్కా అని కూతురు నాతో అంది. అప్పటి పిన్నిగారంత దిగాలుగా ఉన్న మనిషిని నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. ఆ దిగులుకి ఎవరూ టెర్మిన్ తీసుకోలేదు.

పిల్లని మాత్రం ఒదిలారు. మళ్ళీ కీటా నుంచి మధ్యాహ్నాలు ఆవిడే తెచ్చేవారు.

వసంతం వచ్చాక ఒకరోజు ఇంటి నుంచే పనిచేస్తూ, బద్ధకం వదిలించుకోవడానికి పార్కులోకి వెళ్ళాను. ఇసుక తొట్టి గట్టు మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు, నాకు వీపు పెట్టి. పాప చేతులు తిప్పుతూ సగం జర్మన్, సగం తెలుగులో ఏదో దంచుతోంది. ఆవిడ మధ్యమధ్యలో ఒక్కొక్క మాట అంటున్నారు.

‘‘మరి టికెట్ లేకపోతే ఇనస్పెక్టర్ పట్టుకోలేదా?’’

‘‘నైన్, కాదు అమ్మమ్మా! మొసలి హాండ్‌బ్యాగ్‌లా పడుకుంది కదా!’’

‘‘ఓహో. ఎవరి హాండ్‌బ్యాగో?’’

పాప ఆలోచించింది. ఆలోచించడానికి తన పసుపు ప్లాస్టిక్ కళ్ళజోడు తీసి జుట్టులో గుచ్చుకుంది. తర్వాత ఒక ముసలి రాణి గురించి మొదలుపెట్టింది. నేను దగ్గరికి వెళ్ళి, ‘‘పిన్నిగారూ!’’ అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి, అటూ ఇటూ చూసి, నేనే అని తెలిశాక నిమ్మళించారు.

‘‘నేనేం చెప్పలేదమ్మాయ్. అడిగానంతే. చెప్పొద్దన్నారు గానీ, అడగొద్దని ఎవరూ అన్లేదు గదా.’’

లెక్కల టీచరు. ఇచ్చిన షరతులోంచే దారి తీశారు. ఊహించే హక్కు ఆ ఇంట్లో ఐదేళ్ళవాళ్ళకే ఉంది కాబట్టి, తన ఊహల్ని ఐదేళ్ళ నోట్లో పెట్టి దాచుకున్నారు. అది కథ చెప్పడం కంటే ఎన్నో రెట్లు కష్టం. పాప ఎటు తిరిగినా ఆవిడ అంతకంటే ముందే అక్కడ ఉండి, తలుపు ఓరగా తెరిచి పెట్టాలి, అదీ తను తెరిచినట్టు కనపడకుండా.

ఆ తర్వాత పాప పేరు మోగిపోయింది. బడిలో చేరిన మొదటి నెలలోనే టీచరు ఆ పిల్ల ఊహ పూలతోటలా ఉందని మెచ్చుకుందట. అల్లుడు వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టాడు. కూతురు ఫోన్ చేసి, మా ఇద్దరి పోలికా కాదక్కా, మరి ఎవరి పోలికో, అంది. ఆవిడ పక్కనే కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నారని ఫోన్లో చప్పుడు వినిపిస్తోంది. నాకు అరిచి చెప్పాలనిపించింది. చెప్పొద్దని ఆవిడ ముందే నా దగ్గర మాట తీసుకున్నారు. కనక నా కోపమంతా ఓ పక్కన మడతపెట్టి పెట్టుకున్నాను, కుర్చీలాగే.

జనవరిలో జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకి చేరి, వారం తిరక్కుండానే ఆవిడ పోయారు.

రెండు నెలల తర్వాత ఓ శనివారం పొద్దున, బట్టలుతికే నేలమాళిగలో కూతురు కనిపించింది. యంత్రం తిరుగుతోంది. ఎదురుగా నిలబడి దాని కిటికీలోకే చూస్తోంది. పాప ఎలా ఉందని అడిగాను.

‘‘అదే అర్థం కావట్లేదక్కా. కథలు చెప్పడం మానేసింది. బడిలో కూడా చెప్పట్లేదట. ఏమైందే అంటే, ఎవరూ అడగట్లేదు అంటోంది. మేం రోజూ అడుగుతున్నాం, ఏమైందీ, ఏమైందీ అని. ఎవరైనా మంచి డాక్టర్ ఉన్నారా మీకు తెలిసినవాళ్ళు?’’

అప్పుడిక ఆవిడకిచ్చిన మాట తప్పాను. కోపంగానే చెప్పాను. పార్కులో ఇసుక గట్టు, టికెట్ లేని మొసలి, హాండ్‌బ్యాగు, ముసలి రాణి, అన్నీ. ఆ కథలు పాపవి కావు, అలాగని పాపవి కాకపోనూ లేవు, ప్రశ్నలు మాత్రం మీ అమ్మగారివి అన్నాను. ఈలోగా యంత్రం ఆగింది. ఆ అమ్మాయి తడి దుప్పటి బయటికి లాగింది.

‘‘నాకెందుకు చెప్పలేదు అమ్మ?’’

‘‘చెబితే మీరు ఆవిణ్ని మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవారు.’’

ఆ అమ్మాయి దుప్పటిని బుట్టలో పెట్టి, మళ్ళీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టింది.

‘‘నాకు ఒక్క కథ కూడా చెప్పలేదక్కా చిన్నప్పుడు. ఒక్కటి కూడా. అమ్మకి కథలు వస్తాయని నాకు తెలియదు’’ అంది. తర్వాత నెమ్మదిగా, ‘‘ఆ రాణి ఏమైంది చివరికి?’’ అని అడిగింది.

నాకు అక్కడిదాకానే తెలుసు. మిగతాది మీరే పాపని అడగాలి, అదీ ఆవిడ అడిగినట్టు అడగాలి అన్నాను. ముందు మీరు కొంచెం అనుకోవాలి అన్నాను.

‘‘నా వల్ల ఎక్కడవుతుందక్కా? ఈ వయసులో. నాకు నలభై దాటాయి.’’

నా కోపం ఆఖరి మడత కూడా విప్పుకుంది.

‘‘మీ అమ్మగారు అరవై దాటాక మొదలుపెట్టారు’’ అన్నాను.